జబ్బుగా కనిపించని నష్టం: హార్మోన్లను దెబ్బతీసే రసాయనాలు, పిల్లల ఇమ్యూనిటీ

పిల్లలకు టీకా వేయించి ఇంటికి తీసుకొచ్చాక, రాత్రికి జ్వరం వస్తుందేమోనని అమ్మానాన్నలు మందు సిద్ధంగా పెట్టుకుంటారు. మర్నాటికి జ్వరం తగ్గితే ఆ సంగతి అంతటితో ముగిసినట్టే. టీకా పడ్డాక బిడ్డ రక్తంలో యాంటీబాడీలు తగినన్ని తయారయ్యాయా లేదా అని ఎవరూ చూడరు. మామూలుగా చూడాల్సిన అవసరం కూడా లేదు. అయితే నార్వేకీ ఐస్‌లాండ్‌కీ మధ్య సముద్రంలో ఉన్న ఫారో దీవుల్లో ఒక పరిశోధక బృందం పనిగట్టుకుని అదే చూసింది. హార్మోన్లను దెబ్బతీసే రసాయనాలకూ మనిషి రోగనిరోధక వ్యవస్థకూ ఉన్న సంబంధం గురించి ఇవాళ తెలిసినదాంట్లో చాలా భాగం ఆ పిల్లల రక్తం చెప్పిందే.

ఫారో దీవులు 18. జనాభా యాభై వేల పైచిలుకు. అక్కడివాళ్లకు పైలట్ తిమింగలం మాంసం తరతరాల తిండి. సముద్రంలోకి చేరిన పారిశ్రామిక రసాయనాలు చిన్న చేప నుంచి పెద్ద చేపకూ, అక్కడి నుంచి తిమింగలానికీ పోగుపడుతూ వస్తాయి. దాంతో చుట్టుపక్కల ఒక్క ఫ్యాక్టరీ లేకపోయినా ఆ దీవుల తల్లుల రక్తంలో పాదరసం, పీసీబీలు (ఒకప్పుడు విద్యుత్ పరికరాల్లో వాడిన నూనెలాంటి రసాయనాలు) ఎక్కువగా ఉండేవి. స్థానిక వైద్యుడు పాల్ వైహె, డెన్మార్క్ శాస్త్రవేత్త ఫిలిప్ గ్రాంజా 1980లలోనే అక్కడి పిల్లలను పుట్టుక నుంచి గమనించడం మొదలుపెట్టారు. 2006లో పీసీబీలు ఎక్కువగా ఉన్న పిల్లల్లో టీకా యాంటీబాడీలు తక్కువగా ఉన్నాయని వాళ్ల బృందం ప్రకటించింది. 2012లో వచ్చిన ఫలితం అంతకన్నా పెద్దది. ఈసారి వెతికింది పీఎఫ్‌ఏఎస్ అనే రసాయనాల కోసం. నాన్‌స్టిక్ పూతల తయారీలో, నీళ్లు అంటని బట్టల్లో, నూనె పీల్చని కాగితాల్లో, మంటలార్పే నురగల్లో వాడేవి ఇవి. ప్రకృతిలో కుళ్లి కలిసిపోవు కాబట్టి వీటికి ‘ఫరెవర్ కెమికల్స్’ అనే పేరు పడింది.

అధ్యయనం తీరు ఇదీ. 1997 - 2000 మధ్య పుట్టిన దాదాపు ఆరు వందల మంది పిల్లలను తీసుకున్నారు. అందరికీ ఒకే టీకాలు, ఒకే షెడ్యూలు. అయిదేళ్ల వయసులో బూస్టర్‌కు ముందు ఒకసారి, బూస్టర్ పడిన నెలకు మరోసారి, ఏడేళ్లప్పుడు ఇంకోసారి రక్తం తీశారు. ధనుర్వాతానికీ డిఫ్తీరియాకూ వ్యతిరేకంగా ఎన్ని యాంటీబాడీలు ఉన్నాయో కొలిచారు. అయిదేళ్లప్పుడు రక్తంలో పీఎఫ్‌ఏఎస్ రెట్టింపు ఉన్న పిల్లల్లో, ఏడేళ్లు వచ్చేసరికి యాంటీబాడీలు మొత్తం మీద 49 శాతం తక్కువగా ఉన్నాయి. మిల్లీలీటరు రక్తంలో కనీసం 0.1 యూనిట్ యాంటీబాడీ ఉంటేనే రక్షణ ఉన్నట్టు వైద్యులు లెక్కిస్తారు. ఆ గీత కిందికి జారిపోయే అవకాశం ఈ పిల్లల్లో రెండు రెట్లు దాటి, కొన్ని లెక్కల్లో నాలుగు రెట్ల దాకా పెరిగింది.

ఈ పిల్లలెవరూ జబ్బు పిల్లలు కారు. చూడ్డానికి బాగున్నారు, బడికి వెళ్తున్నారు, అన్ని టీకాలూ వేయించుకున్నారు. ఏ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లినా బిడ్డకేం ఢోకా లేదనే చెబుతారు. కానీ టీకా వల్ల ఉండాల్సిన యాంటీబాడీల్లో దాదాపు సగం వాళ్ల రక్తంలో లేవు. రోగనిరోధక వ్యవస్థకు జరిగే హాని చాలాసార్లు ఇలాగే ఉంటుంది. దానికంటూ ఒక జబ్బు పేరు ఉండదు. జలుబు మరో రెండుసార్లు ఎక్కువ వస్తుంది, జ్వరం మరో రెండు రోజులు ఎక్కువ ఉంటుంది. ‘ఈ రసాయనం వల్ల ఎవరికి జబ్బు చేసిందో చూపించండి’ అని అడిగే పద్ధతిలో ఈ హాని ఎప్పటికీ పట్టుబడదు. కొన్ని దశాబ్దాల పాటు పట్టుబడలేదు కూడా.

అసలు హార్మోన్లకూ రోగనిరోధక శక్తికీ ఏమిటి సంబంధం? సాక్ష్యం చాలా ఇళ్లలోనే ఉంది. ఉబ్బసం ముదిరినా, కీళ్లవాతం మంచాన పడేసినా డాక్టర్లు స్టెరాయిడ్లు రాస్తారు. మన అడ్రినల్ గ్రంథులు తయారుచేసే కార్టిసాల్ హార్మోన్‌కు అవి నకళ్లు. రోగనిరోధక కణాల దూకుడును తగ్గించడమే వాటి పని. కీళ్లవాతం ఉన్న చాలామంది ఆడవాళ్లకు గర్భంతో ఉన్నప్పుడు నొప్పులు తగ్గి, కాన్పయ్యాక మళ్లీ తిరగబెడతాయి. సొంత ఒంటి మీదే రోగనిరోధక వ్యవస్థ దాడి చేసే లూపస్ జబ్బులో పది మంది రోగుల్లో దాదాపు తొమ్మిది మంది ఆడవాళ్లే. ఇవన్నీ హార్మోన్లు ఇమ్యూనిటీ పగ్గాలు పట్టుకుని ఉన్నాయని చెప్పేవే. తెల్లరక్తకణాల్లో ఈస్ట్రోజెన్‌ను, కార్టిసాల్‌ను, మగ హార్మోన్లను, థైరాయిడ్ హార్మోన్‌ను పసిగట్టే రిసెప్టర్లు ఉంటాయి. హార్మోన్ వచ్చి వాటికి అంటుకుంటే కణం తన పని మార్చుకుంటుంది. ఇంకా విభజన చెందాలా, యాంటీబాడీలు చేయాలా, వాపు తెప్పించే సంకేతాలు పంపాలా, లేక ఊరుకోవాలా అన్నది చాలావరకు అక్కడే తేలుతుంది.

హార్మోన్‌ను పోలిన రసాయనం మారు తాళంచెవిలా ఆ రిసెప్టర్లోకి దూరిపోతుంది. ప్లాస్టిక్ తయారీలో వాడే బీపీఏ ఈస్ట్రోజెన్ రిసెప్టర్‌కు అంటుకుంటుంది. పీఎఫ్‌ఏఎస్‌లు కొవ్వుల వినియోగాన్నీ వాపునూ అదుపులో పెట్టే మరో రకం రిసెప్టర్లను కదిలిస్తాయి, థైరాయిడ్ హార్మోన్‌ను మోసే ప్రొటీన్ల మీద చోటు కోసం పోటీ పడతాయి. అయితే యాంటీబాడీలు తగ్గడానికి ఈ హార్మోన్ దారి ఒక్కటే కారణమని చెప్పలేం. కణాల లోపలి సంకేతాలను ఈ రసాయనాలు వేరే దారుల్లో కూడా చెడగొడతాయి. చెత్త, ప్లాస్టిక్ లాంటివి కాల్చినప్పుడు పుట్టే డయాక్సిన్లు అనే విషాలది ఇంకో దారి. అవి తెల్లరక్తకణాల్లో ఉండే ఒక ప్రత్యేక రిసెప్టర్‌ను పట్టుకుంటాయి. డయాక్సిన్ ఇచ్చిన ప్రయోగశాల జంతువుల్లో ముందుగా కుంచించుకుపోయే అవయవాల్లో థైమస్ ఒకటి. ఛాతీలో గుండెకు పైన ఉండే ఈ గ్రంథిలోనే టీ కణాలనే ఒక రకం తెల్లరక్తకణాలకు ఎవరు శత్రువో, ఎవరు సొంతమో గుర్తించే శిక్షణ జరుగుతుంది. ఆ శిక్షణ ఎక్కువగా తల్లి కడుపులో ఉన్నప్పుడూ పసితనంలోనూ సాగుతుంది. పెద్దయ్యాక థైమస్ దానంతటదే కుంచించుకుపోతుంది.

అందుకే ఏ వయసులో తగిలిందన్నది ఇక్కడ చాలా ముఖ్యం. స్వీడన్‌లో రోన్నెబీ అనే పట్టణం ఉంది. పక్కనున్న వైమానిక స్థావరంలో వాడిన మంటలార్పే నురగ భూగర్భజలంలోకి దిగింది. ఊళ్లో ఒక భాగానికి ఏళ్ల తరబడి పీఎఫ్‌ఏఎస్ కలిసిన నీళ్లే అందాయి. 2013 చివర్లో గానీ ఆ నీళ్లు ఆపలేదు. కోవిడ్ టీకా వేసుకున్నాక అక్కడి పెద్దవాళ్ల యాంటీబాడీలు పరిశీలిస్తే, చెప్పుకోదగ్గ తగ్గుదల కనిపించలేదు. ఫారో ఫలితాలకు ఇది విరుద్ధమని కొందరు వాదించవచ్చు. కానీ పూర్తిగా ఎదిగిన వ్యవస్థ తట్టుకున్నదాన్ని ఎదుగుతున్న వ్యవస్థ తట్టుకోకపోవడం వైద్యంలో కొత్త విషయం కాదు. నార్వేలో తల్లి రక్తంలో పీఎఫ్‌ఏఎస్ ఎక్కువగా ఉన్న పిల్లలకు మూడేళ్ల వయసులో రుబెల్లా యాంటీబాడీలు తక్కువగా ఉన్నాయి, జలుబులు ఎక్కువసార్లు వచ్చాయి. డెన్మార్క్‌లోని ఓడెన్సేలో అలాంటి తల్లుల పిల్లలకు జ్వరంతో ఉన్న రోజులు ఎక్కువ. పసిపిల్లల విషయంలో సాక్ష్యాలు ఒకే వైపు మొగ్గుతున్నాయి.

ఇవన్నీ మనుషులను గమనించి చేసిన పరిశీలనలు. ‘తిమింగలం తినే ఇంట్లో ఇంకేవో కారణాలు ఉండొచ్చు కదా’ అనే సందేహం న్యాయమైనదే. మనుషులకు కావాలని విషం పెట్టి చూడలేం. సీల్ అనే సముద్ర జంతువుల విషయంలో మాత్రం దాదాపు అలాంటి ప్రయోగమే జరిగింది. 1988లో ఉత్తర ఐరోపా తీరాల్లో ఒక వైరస్ సోకి దాదాపు 18,000 సీల్స్ చనిపోయాయి. అన్ని జంతువులు ఒక్కసారిగా ఎందుకు లొంగిపోయాయన్న ప్రశ్నతో నెదర్లాండ్స్ శాస్త్రవేత్తలు 22 సీల్ పిల్లలను తెచ్చి రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకు అట్లాంటిక్‌లో పట్టిన హెర్రింగ్ చేప, రెండో గుంపుకు కాలుష్యం ఎక్కువున్న బాల్టిక్ సముద్రపు హెర్రింగ్. చేప అదే, మేపిన తీరు అదే, తేడా సముద్రం ఒక్కటే. రెండేళ్లకు పైగా అలా మేపాక బాల్టిక్ చేప తిన్న సీల్స్‌లో వైరస్ సోకిన కణాలను చంపే తెల్లరక్తకణాల చురుకు పడిపోయింది, టీ కణాల స్పందన తగ్గింది. వాటికి పెట్టిన హెర్రింగ్ ఎక్కడి నుంచో ఏరి తెచ్చిన విషపు చేప కాదు. మనుషులు తినడానికి మార్కెట్లో అమ్మే చేపే.

మనుషుల మీద అలాంటి ప్రయోగం ఎవరూ చేయరు గానీ, ప్రమాదవశాత్తు జరిగిపోయింది. 1979లో తైవాన్‌లో తవుడు నూనె శుద్ధిచేసే చోట పైపుల్లోని పీసీబీ ద్రవం నూనెలోకి కారింది. ఆ నూనె తిన్న దాదాపు రెండు వేల మంది మీద విష ప్రభావం పడింది. వాళ్ల రక్తంలో రెండు రకాల యాంటీబాడీలు తగ్గాయి. ఆ తల్లులకు తర్వాత పుట్టిన పిల్లలకు బ్రాంకైటిస్, చెవిలో చీము ఎక్కువగా వచ్చాయి. ఆ పిల్లలెవరూ ఆ నూనె నోట పెట్టలేదు. తల్లి ఒంట్లోని కొవ్వులో నిలవున్నదే వాళ్లకు చేరింది.

ఈ రసాయనాలు ఇమ్యూనిటీని తగ్గించడమే కాదు, కొన్నిసార్లు అనవసరంగా రెచ్చగొడతాయి కూడా. స్వీడన్‌లో ఇళ్ల దుమ్మును పరీక్షించిన ఒక అధ్యయనం 2004లో వెలువడింది. పీవీసీని మెత్తబరిచే థాలేట్లు పడగ్గది దుమ్ములో ఎక్కువగా ఉన్న పిల్లల్లో ఉబ్బసం, తామర, ముక్కు కారడం ఎక్కువ కనిపించాయి. అమెరికాలో వెస్ట్ వర్జీనియా రాష్ట్రంలోని పార్కర్స్‌బర్గ్ దగ్గర ఒక ఫ్యాక్టరీ నుంచి పీఎఫ్‌ఏఎస్‌లలో ఒకటైన పీఎఫ్‌ఓఏ తాగునీళ్లలో కలిసింది. అక్కడి దాదాపు 69,000 మంది ఆరోగ్య వివరాలు సేకరించాక, శాస్త్రవేత్తల బృందం ఆ రసాయనంతో ముడిపెట్టిన ఆరు సమస్యల్లో అల్సరేటివ్ కొలైటిస్ ఒకటి. పెద్దపేగు మీద సొంత ఇమ్యూనిటీయే దాడి చేసే జబ్బు అది. ఒకచోట చేయాల్సినంత చేయకపోవడం, మరోచోట చేయకూడనిది చేయడం, రెండూ పగ్గం తప్పిన వ్యవస్థ లక్షణాలే.

ఈ సమాచారమంతా ఈమధ్యే తెలిసిందనుకుంటే పొరపాటు. పీఎఫ్‌ఏఎస్‌లను దశాబ్దాలుగా తయారుచేసిన త్రీఎం కంపెనీకి 1978లోనే కోతుల మీద చేసిన పరీక్షల్లో రోగనిరోధక అవయవాల మీద ప్రభావం కనిపించింది. ఆ ఫలితాన్ని అప్పట్లో ప్రచురించలేదు. మిన్నెసోటా రాష్ట్రం వేసిన కేసు 2018లో రాజీతో ముగిసి, కంపెనీ పత్రాలు బయటికొచ్చాకే లోకానికి ఆ సంగతి తెలిసింది. 1978కీ ఫారో అధ్యయనానికీ మధ్య 34 ఏళ్లు. ఆ మధ్యలో పీఎఫ్‌ఏఎస్‌కూ పిల్లల యాంటీబాడీలకూ ఉన్న సంబంధాన్ని దాదాపు ఎవరూ కొలిచి చూడలేదు. ఇందులో అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే: ఇమ్యూనిటీ మీద రసాయనం ప్రభావాన్ని చూసే పరీక్ష కష్టమైందేం కాదు. గొర్రె రక్తకణాలను ఎలుకకు ఎక్కించి, కొన్ని రోజులకు దాని ఒంట్లో యాంటీబాడీ స్పందన ఎంతుందో చూడడమే. ప్రయోగశాలలకు ఎప్పటినుంచో తెలిసిన పద్ధతి అది. అయినా చాలా రసాయనాలకు అనుమతిచ్చేటప్పుడు ఆ పరీక్ష తప్పనిసరి కాదు. లివర్ బరువు చూశారు, క్యాన్సర్ గడ్డలు వెతికారు, సంతానం చూశారు. ఇమ్యూనిటీ దాకా చాలాసార్లు రాలేదు.

చూడడం మొదలుపెట్టాక అంకెలు ఎలా మారాయో గమనించాలి. ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2008లో పీఎఫ్‌ఓఏకు పెట్టిన పరిమితి, కిలో శరీర బరువుకు రోజుకు 1,500 నానోగ్రాములు. నానోగ్రాము అంటే గ్రాములో వంద కోట్లవ వంతు. 2020లో అదే సంస్థ, బెర్లిన్‌లో ఏడాది వయసు పిల్లల టీకా యాంటీబాడీలను ఆధారంగా తీసుకుని, నాలుగు రకాల పీఎఫ్‌ఏఎస్‌లూ కలిపి కిలో శరీర బరువుకు వారానికి 4.4 నానోగ్రాములు దాటకూడదంది. అంటే పదిహేను కిలోల బిడ్డకు వారమంతా కలిపి 66 నానోగ్రాములు. రసాయనం మారలేదు, బిడ్డ మారలేదు. చూసే చోటు మారింది.

బీపీఏ విషయంలో ఇంకా పెద్ద పతనం. 2006లో కిలో బరువుకు రోజుకు 50 మైక్రోగ్రాముల దాకా పరవాలేదన్నారు, 2015లో 4 మైక్రోగ్రాములన్నారు. 2023 ఏప్రిల్‌లో ఒక్కసారిగా 0.2 నానోగ్రాములకు దించారు, అంటే ఇరవై వేల రెట్లు తక్కువ. కారణం తల్లి కడుపులో ఉన్నప్పుడు, పాలు తాగేటప్పుడు బీపీఏ అందిన ఎలుక పిల్లల ప్లీహంలో ఒక రకం టీ కణాలు పెరగడం. ఆటోఇమ్యూన్ జబ్బుల్లో చెయ్యి ఉన్న కణాలవి. ఈ నిర్ణయాన్ని అందరూ ఒప్పుకోలేదు. ఎలుకలో ఆ కణాలు పెరిగినంత మాత్రాన మనిషికి జబ్బు వస్తుందని ఎలా అంటారని జర్మనీ ప్రమాద అంచనా సంస్థ ప్రశ్నించి, తనే విడిగా లెక్కగట్టి 200 నానోగ్రాముల పరిమితి ప్రకటించింది. ఐరోపా సంస్థ అంకెకు అది వెయ్యి రెట్లు. జర్మనీ అభ్యంతరంలో శాస్త్రపరంగా బలం ఉంది. కానీ వాళ్ల అంకె కూడా 2015 నాటి పరిమితిలో ఇరవయ్యో వంతే. కొట్లాటంతా ఎంత దించాలన్న దాని మీదే గానీ, దించాలా వద్దా అన్న దాని మీద కాదు. 2024 డిసెంబరులో ఐరోపా సమాఖ్య ఆహారం తగిలే వస్తువుల్లో బీపీఏను నిషేధించింది.

మన దగ్గర పరిస్థితి? పాలసీసాల్లో బీపీఏ ఉండకూడదని 2015 నుంచి భారతీయ ప్రమాణం ఉంది. నిలవ ఉండిపోయే విషాల మీద అంతర్జాతీయంగా కుదిరిన స్టాక్‌హోమ్ ఒప్పందాన్ని భారత్ 2006లో ఆమోదించింది, 2020లో మరో ఏడు రసాయనాలకు ఒప్పుకుంది. 2009లోనే ఆ ఒప్పందం జాబితాలో చేరిన పీఎఫ్‌ఓఎస్ అనే మరో పీఎఫ్‌ఏఎస్ మాత్రం ఆ ఏడింటిలో లేదు. ఇక రోజువారీ జీవితంలో హోటల్ నుంచి తెచ్చే వేడి సాంబారు, కూరలు పల్చటి ప్లాస్టిక్ కవర్లో వస్తాయి. ఆఫీసులకు టీ కూడా కవర్లోనే కట్టిస్తారు. ఆ కవర్ ఏ ప్లాస్టిక్, అందులో ఏమేం కలిపారు అన్నది ఎక్కడా రాసి ఉండదు. వేడి, నూనె రెండూ ప్లాస్టిక్‌లో కలిపిన పదార్థాలను ఆహారంలోకి లాగుతాయి. స్టీలు క్యారియరు పట్టుకెళ్లే పాత అలవాటు ఈ ఒక్క విషయంలో నిజంగా పనికొస్తుంది. బీపీఏ కొన్ని గంటల్లో ఒంట్లోంచి పోతుంది కాబట్టి తగలడం తగ్గిస్తే వెంటనే తగ్గుతుంది. పీఎఫ్‌ఏఎస్‌ల సంగతి అలా కాదు. సగం తగ్గడానికే ఏళ్లు పడుతుంది. అవి నీళ్లలో వస్తుంటే ఇంట్లోవాళ్లు చేయగలిగింది తక్కువ, ప్రభుత్వం పరీక్ష చేయించి తీరాలి.

ఇదంతా చదివాక, ఇక టీకాలెందుకు, తల్లిపాలెందుకు అనే ఆలోచన వస్తే అది ప్రమాదం. పీఎఫ్‌ఏఎస్ తల్లిపాల ద్వారా బిడ్డకు చేరేది నిజమే. పాలు మాత్రమే తాగే ఒక్కో నెలకూ బిడ్డ రక్తంలో వాటి మోతాదు 30 శాతం దాకా పెరిగినట్టు ఫారోలోనే తేలింది. అయినా తల్లిపాలు మానమని ఆ పరిశోధకులు చెప్పలేదు, పాలవల్ల వచ్చే రక్షణ అంత పెద్దది. 2008లో ఫారో వైద్యాధికారులు చెప్పింది పైలట్ తిమింగలం మాంసం మానమని. టీకాల సంగతి మరీ స్పష్టం. యాంటీబాడీలు తగ్గే అవకాశం ఉన్నప్పుడు ప్రతి డోసూ మరింత అవసరం అవుతుంది. డిఫ్తీరియా మనకు పుస్తకాల్లో జబ్బు కాదు, హైదరాబాద్ నల్లకుంట ఫీవర్ ఆసుపత్రికి ఆ కేసులు వస్తూనే ఉంటాయి. మన జాతీయ షెడ్యూలులో అయిదారేళ్లకు డీపీటీ రెండో బూస్టర్, పదేళ్లకూ పదహారేళ్లకూ టీడీ (ధనుర్వాతం, డిఫ్తీరియా టీకా) ఉన్నాయి. పసితనంలో పడ్డ టీకాలు చాలనుకుని ఇళ్లలో ఎక్కువగా మరిచిపోయేవి ఇవే.

చేయాల్సింది ఇంకొకటి ఉంది, అది కష్టం కూడా కాదు. టీకాలు ఎంత పనిచేస్తున్నాయో తెలుసుకోవడానికి మన దేశంలో సీరో సర్వేలు జరుగుతుంటాయి. పిల్లల రక్తం తీస్తారు, యాంటీబాడీలు కొలుస్తారు. అదే రక్తంలో కొంచెం పక్కన పెట్టి పీఎఫ్‌ఏఎస్ లాంటివి కూడా కొలిస్తే, ఫారో దీవుల పిల్లల గురించి తెలిసినంత మన పిల్లల గురించి తెలుస్తుంది. పటాన్‌చెరులోనో విశాఖలోనో పెరిగే బిడ్డకు ఎంత పరిమితి సరిపోతుందో బెర్లిన్ పిల్లల అంకెలతో నిర్ణయించుకోవాల్సిన పని అప్పుడు ఉండదు.